దాగలి మీద గుర్తు

మూతపడిన కొలిమి. మధ్యలో పాత దాగలి, కమ్మరి ఇనుము కాల్చి కొట్టే దిమ్మ. దాని ముందు కొడుకు. ముక్కాలిపీట మీద, చొక్కాకి గుండీ కుడుతూ తల్లి.

"మళ్ళీ ‘ఏమో’ అంటావేంటమ్మా! దీన్ని చేసిందెవరో నీకు తెలియకుండా ఉంటుందా?"

"ఎప్పటి సంగతిరా అది. కాసిని నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు, ఏమొద్దు. నాలుగింటికి దీన్ని తీసుకెళ్ళే మ్యూజియం ఆవిడ ఫోన్ చేస్తుంది. పేరు తేలకపోతే ‘చేసినవారు తెలియదు’ అని చీటీ అంటించేస్తుందట. నాన్న నలభై ఏళ్ళు చెమటోడ్చిన దాగలికి!"

"నాన్న పేరు చెక్కావుగా."

"అదే కొంప ముంచింది. ‘ఈ అక్షరాలు మొన్న చెక్కినవి, అంతకు ముందు ఇక్కడేం ఉండేది?’ అని పట్టుకుంది."

"నువ్వేమన్నావ్?"

"ఏవో పిచ్చిగీతలుంటే గ్రైండర్ పెట్టి నున్నగా చేశానన్నాను. తల పట్టుకుంది."

"పిచ్చిగీతలా... సరే, పోనీలే. వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను? ఇదిగో, అరగదీయకముందు తీసిన ఫొటో. మూడు గీతలు, పక్కన చుక్క. చూడు."

"కళ్ళజోడు లోపలుంది."

"సూదిలో దారం ఎక్కించడానికి అక్కర్లేదు గానీ, దీనికి కావాలా? నాన్న గుర్తా ఇది?"

"నాన్న గుర్తులేవీ పెట్టేవాడు కాదు."

"మరి ఎవరిది? ఆగాగు... ఆ పట్టకారు ఇటివ్వు. దీని మీదా ఉంది! మన తలుపు గడియ మీదా ఇదే, చిన్నప్పుడు వేలితో తడిమేవాణ్ణి. ఎవడమ్మా వీడు, ఇల్లంతా వీడి సంతకమే?"

"వాడూ వీడూ అనకు."

"కోపమెందుకు? నాన్నకి పని నేర్పినాయనా?"

"అలాగే అనుకో."

"అనుకోవడమేంటమ్మా, నా ప్రాణం తీస్తున్నావ్! ఇది తయారవుతుంటే చూశావా, లేదా?"

"చూశాను."

"నాన్నేం చేశాడు?"

"సమ్మెట కొట్టాడు. ఒకవైపు తను, ఒకవైపు మీ బాబాయి. అరచేతులు బొబ్బలెక్కిపోయాయి పాపం."

"అంటే నాన్నే చేసినట్టేగా! ఈ ముక్క చెప్పడానికి ఇంతసేపా?"

"బ్యాంకులో కూర్చునేవాడివి, నీకేం తెలుసురా కొలిమి పని? సమ్మెట కొట్టేవాడు చూపించిన చోట కొడతాడు, అంతే. ఇనుము ఎప్పుడు తియ్యాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి, అదంతా పట్టకారు పట్టినవాళ్ళది. పని వాళ్ళదే. గుర్తూ వాళ్ళే పెడతారు."

"సరే తల్లీ, పట్టకారు ఎవరు పట్టారు?"

"ఆ కత్తెర ఇటివ్వు, దారం తెంచాలి."

"దండం పెడతాను, చెప్పమ్మా. పొద్దుట్నుంచీ ఎందుకు దాస్తున్నావ్?"

"చెబితే నువ్వు బాధపడతావని."

"నేనా? నేనెందుకు బాధపడతాను?"

"నాన్న పేరు చెక్కడానికి నువ్వు అరగదీసింది, నా గుర్తురా."