నీలం తాడు తెగిన దినం

"అమ్మమ్మా, ఈ ఐతారం మా ఆఫీసోళ్లం పడవలేసుకొని చెరువు మీదికి పోతున్నం. తాడు నన్ను తెమ్మన్నరు. ఏది కొనాలె?"

నన్నడుగుతున్నవా? అడుగు బిడ్డా, తాడు సంగతైతే నేనే చెప్పాలె.

అప్పుడు మేం పుప్పాలగూడల ఉంటుంటిమి. గిప్పుడు అద్దాల బిల్డింగులున్న కాడ అప్పుడంతా రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు. మీ తాత చెరువుల చేపలు పడుతుండె. పడవ యాడిది, కట్టెల తెప్ప. ఆ యేడు ఓ నీలం ప్లాస్టిక్ తాడు తెచ్చిండు, మెరుస్తది, అల్కగుంటది. ఎండకాలమంతా బండ మీదనే పడున్నది. ఇగ ఆషాఢంల, కాదు కాదు, బోనాలు అయిపోయినంక, చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు అలుగు మీదికెల్లి దుంకుతున్నయి. వలలు కొట్టుకపోతయని మీ తాత, ఆయన చెల్లె రాములమ్మ తెప్పెక్కిన్రు. దానికి ఈత రాదు. తాడు ఒక కొస తెప్పకు, ఒక కొస గట్టు మీద గుండుకు. ముడేస్తుంటే నా అరచేతికి నీలం పొడి అంటింది. ఇది ఎండకు సచ్చింది, నమ్ముకోని పోకు అన్న. కొత్తదే, నీకేం ఎరుక అన్నడు.

జర దూరం పోయిన్రో లేదో, నీళ్లు తెప్పను అలుగు దిక్కు గుంజుడు వెట్టినయి. గుండు అంచుకు రాసుకొని రాసుకొని తాడు తెగింది. సప్పుడు గూడ కాలే. రాములమ్మ నా దిక్కు సూసిన సూపు సచ్చేదాంక మర్వ.

గట్టు కింద చేదబాయి ఉంటుండె. ఉరికిన. బొక్కెన ఊడదీసి చాంతాడు తెచ్చిన. జనపనారది, నా బొటనేలంత మందం, మా అత్త పేనింది. తెప్ప గట్టెంబడే కొట్టుకపోతున్నది. కొసకు కట్టె కట్టి ఇసిరిన. అందలే. మల్ల ఇసిరిన. మూడోసారి రాములమ్మ అందుకున్నది. చేతికి సుట్టుకుంటే నేనూ పోదును. అలుగు కాడి గుండుకు రెండు సుట్లు తిప్పి, కాలు తన్నిపట్టిన. అరచేతి తోలు లేసింది. తెప్ప ఆగింది. ఇద్దరు తాడు గుంజుకుంట గుంజుకుంట ఒడ్డుకొచ్చిన్రు.

మీ తాత ఆ రాత్రి అన్నం గూడ తినలే. తెల్లారి బజారుకు పోయి రెండు తాళ్లు తెచ్చి నా ఒళ్లె పెట్టిండు.

"నువ్వు సూడు. నువ్వు వద్దంటే వాపస్ ఇస్త."

గంతే. తప్పైందన్న మాట ఆయన నోట్లకెల్లి రాదు గదా, నీకెరుకే.

ఎట్ల సూస్తనంటే బిడ్డా, పురి ఇప్పి లోపట సూస్త. పాడైనదైతే పైన మంచిగుండి లోపట నల్లగుంటది. నారదైతే వాసన సూస్త, ముక్కవాసనొస్తే మురిగినట్టు. నైలాన్‌ది మంచిదే, సాగుతది, గుంజుడుకు ఆగుతది, గని ముడి జారుతది, ఇంకో సుట్టు ఎక్కువెయ్యి. బరువెంతో గంతే ఆగే తాడు కొనకు, దానికి ఎన్నో అంతలు ఆగేది కొను. నీళ్ల గుంజుడు ఒక్కతీర్గ ఉండదు. రాయి తాకే కాడ గోనెసంచి సుట్టు.

తర్వాత చేపలు పోయినయి, తెప్ప పోయింది. ఈ అపార్ట్‌మెంటుకొచ్చినంక ఓనాడు మీ తాత మూసాపేట నుంచి తాడు తెచ్చిండు, బాల్కనీల బట్టలారేసేది. తెచ్చి నా ఒళ్లె పెట్టిండు. బట్టలారేసే తాడు, బిడ్డా. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలే. నేను పురి ఇప్పి సూసెదాంక గట్లనే నిలబడ్డడు...

పో, తెచ్చుకో పో. నీళ్లు నిన్ను ఎట్ల తీస్కపోతయో గట్లనే సల్లంగ తెచ్చి ఒడ్డున దించాలె, నా తల్లీ.