మూడో కుర్చీ

రిటైరైన టైపిస్టుల సంఘం గదిలో మూడు కుర్చీలున్నాయి. అధ్యక్షురాలు ఒకదాంట్లో, కార్యదర్శి ఇంకోదాంట్లో కూర్చున్నారు. సంఘాన్ని మూసేయాలన్న తీర్మానం మాత్రం ఏడాదిగా ఆ మూడో కుర్చీ కోసం ఎదురుచూస్తోంది.

“ముగ్గురుంటేనే కోరం మేడమ్. ఇంకో అరగంట చూద్దాం.”

“మిగిలిందే ముగ్గురం. ఆ మూడో ఆయన కూడా వస్తే చెయ్యెత్తి, తాళం వేసి, ఎవరి దారిన వాళ్లం పోతాం. ఆయనకేమైందిట?”

“మోకాళ్ల నొప్పులట. మెట్లెక్కలేనన్నాడు.”

“పోయిన నెల జలుబన్నారు?”

“అదీ ఉంది.”

ఆవిడ కళ్లజోడు తీసి, తీరిగ్గా కొంగుతో తుడుచుకుంది.

“పొద్దున కూరగాయల కొట్టు దగ్గర కనిపించాడండీ. రెండు చేతులా రెండు సంచులు. గుర్రంలా నడుస్తున్నాడు. ‘మీటింగులు మానేశారటగా, సెక్రటరీ చెప్పాడు’ అన్నాడు.”

కార్యదర్శి మినిట్స్ పుస్తకంలోకి తల దించేశాడు.

“ఆయనొస్తే తీర్మానం పాసైపోతుంది మేడమ్. ఆ తర్వాత నెలనెలా మొదటి ఆదివారం నేనెక్కడికి పోను? గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకి నోరు కూడా ఉంటే బాగుండేది.”

ఆవిడ ఖాళీ కుర్చీ మీద దుమ్ము దులిపి, మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

“మరి... మీరాయనకి ఏం చెప్పారు?”

“ఏం చెప్తాను? మీ అబద్ధానికి కార్బన్ కాపీ తీశాను. ‘అవునండీ, ఎప్పుడో మానేశాం’ అన్నాను. ఇక రాయండి: కోరం లేదు, వచ్చే నెలకి వాయిదా.”