నల్ల టేపు

నల్లగండ్ల ఫ్లాట్‌లో అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చేసరికి, డైనింగ్ టేబుల్ మీద అడుగు మూత విప్పిన లాప్‌టాప్ ఒకటి బోర్లా పడి ఉంది. అతని భార్య చేతిలో లాప్‌టాప్‌కి నెట్ అందించే చిన్న వైఫై కార్డు, దాని మీద నల్ల టేపు ముక్క ఉన్నాయి.

“ఈ టేపు ఎవరు వేశారు?”

“నేనే. నీ లాప్‌టాప్‌లో దుమ్ము దులుపుతుంటే యాంటెనా వైరు తగిలించే ముక్క విరిగింది.”

“నా ఇంటర్వ్యూకి ముందా, తర్వాతా?”

“ముందే.”

“ఇంటర్వ్యూ మధ్యలో లైను పోతుంటే నెట్ బాగాలేదన్నావు. నెట్ కనెక్షన్ ఇచ్చినాయన్ని పిలిపించి గుమ్మంలో నిలబెట్టి నేను తిడుతుంటే, పక్కనే నిలబడి టీ తాగావు.”

“చెబితే ఏం చేసేదానివి?”

“నీ లాప్‌టాప్‌లో మాట్లాడేదాన్ని.”

“మరి నా పని? అయినా పాప ఇంకా చిన్నది. నీకిప్పుడు ఉద్యోగం అంత అవసరమా?”

అతను ఆ రోజు దులిపింది నిజంగా దుమ్మేనా అని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

“ఇంటర్వ్యూ వాళ్లు ఇవాళ పదకొండింటికి మళ్లీ మాట్లాడతామన్నారు.”

“అప్పుడు నాకు క్లయింట్ కాల్ ఉంది. నా లాప్‌టాప్ ఇవ్వడం కుదరదు.”

“అక్కర్లేదు. పెళ్లిరోజుకి రెండూ ఒక్కలాంటివే కొన్నావుగా. ఈ బోర్లా పడి ఉన్నది నీదే. దీని కార్డు తీసి నాదాంట్లో పెట్టేశాను.”

“మరి నా కాల్?”

ఆమె టేపు వేసిన కార్డును అతని అరచేతిలో పెట్టింది.

“ఇది పెట్టుకో. మధ్యలో లైను పోతే నెట్ బాగాలేదని చెప్పు. నమ్ముతారు. నేను నమ్మాను కదా.”