నా హీటరు కోసం ఎత్తిన గేటు

నది మీది మంచు మనిషి కాళ్ళకింద విరగడమే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. పొద్దున, ఉత్తరాది మంచుసీమలోని మా డెనే తెగ పల్లెలకు కరెంటిచ్చే ఎగువ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసే అన్నయ్యకు ఫోన్ చేశాను.

"హీటరు బాగా కాలుతోంది, అన్నయ్యా. పాప హాయిగా పడుకుంది."

"కాలదా మరి! కరెంటు చాలట్లేదని నిన్న నా ప్రాణం తోడేశావుగా. రాత్రే టర్బైన్‌కు నీళ్ళొదిలే ఇంకో గేటు ఎత్తించాను."

"అయ్యో, నీళ్ళ వడికి దిగువన మంచు పలచబడదూ?"

"పడుతుంది. ఎవరూ నది దాటొద్దని రేడియోలో ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పించాం."

"మన పక్కింటి అల్ఫోన్స్ తాత పొద్దున్నే కుక్కలబండి కట్టుకుని, మంచు కింద వేసిన చేపల వలలు చూడ్డానికి నది మీదికి వెళ్ళాడు."

"ఇంగ్లీషు రాని ఆయనకు రేడియో మాటలు మన భాషలో చెప్పేది నువ్వేగా, చెల్లెమ్మా!"

"పాప నిద్ర చెడుతుందని రేడియో కట్టేశాను."

ఇది వింటున్న మీరెవరైనా దిగువ మలుపు దగ్గరుంటే, వలల దగ్గర తాత వేసుకునే గుడారంలోంచి పొగ లేస్తోందేమో, ఆయన క్షేమంగా చేరాడేమో ఒక్కసారి చూడండి.