మరిడమ్మ ఘటం, నా మెడ

నర్సీపట్నం కోర్టు. మోటారు ప్రమాద నష్టపరిహారం కేసు. పిటిషనరు వాంగ్మూలం. 2025 మార్చి 11, మంగళవారం.

నా పేరు రుత్తల అచ్చియమ్మ. వయసు నలభై తొమ్మిది. ఊరు రోలుగుంట మండలం చిన్నపాలెం. తాపీ మేస్త్రి దగ్గర తట్ట మోసేదాన్ని, ఇప్పుడు మోయడం లేదు. భర్త పేరు గోవింద్. బతికే ఉన్నాడు, నా దగ్గర లేడు. తుని వైపు వెళ్ళి అక్కడ వేరే సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. ఇంట్లో ఇంకెవరుంటారని జడ్జిగారు అడిగారు. ఎవరూ ఉండరు. ఒక కోడిపెట్ట ఉండేది, అదీ ఇప్పుడు పక్కింటి దేవి గుమ్మంలోనే పడుకుంటోంది. కోడి సంగతి రాయనక్కర్లేదు అన్నారు గానీ టైపు చేసే అమ్మాయి అప్పటికే కొట్టేసింది. దైవసాక్షిగా చెబుతున్నాను.

2023 నవంబరు 20, సోమవారం. ఉదయం ఎనిమిది దాటింది. బలిఘట్టంలో ఒక ఇంటికి శ్లాబు వేస్తున్నారంటే మా బేచ్ ఆడవాళ్ళం ఆటోలో బయలుదేరాం. నేను వెనక సీటులో కూర్చున్నాను, నా పక్కన నాతో తట్ట మోసే బేబి. చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చి మా ఆటో ఆగింది. వెనక వచ్చే వ్యాను ఆగలేదు. గుద్దేసింది. నా తల వెనక్కి వెళ్ళి ఇనుప కమ్మీకి కొట్టుకుంది, మళ్ళీ ముందుకు పడింది. నడుములో ఏదో కలుక్కుమంది. రక్తం రాలేదు. రక్తం వచ్చినవాళ్ళ చుట్టూ జనం మూగారు. నేను రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. నా క్యారేజీ ఎక్కడో పడిపోయింది. ఎవరో దాని మూత వెతికి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. గిన్నె దొరకలేదు. ఆ మూత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ముందు నర్సీపట్నం ఆసుపత్రికి, అక్కడి నుంచి విశాఖపట్నం పంపారు. మెడ ఎముక చిట్లిందని, నడుము దగ్గర డిస్కు జరిగిందని చెప్పారు. మెడకు బెల్టు వేశారు. తల మీద ఇక బరువు పెట్టకూడదన్నారు. ఆపరేషన్ చేస్తే నయమవుతుంది గానీ, తరువాత మూడు నెలలు పక్కన ఒక మనిషి ఉండాలన్నారు. లేవదీయడానికి, స్నానం చేయించడానికి. ఎవరుంటారమ్మా అని డాక్టరమ్మ అడిగింది. చెబుతాను అని ఇంటికి వచ్చేశాను. ఈ కేసులో ఆపరేషను ఖర్చుతో పాటు మనిషి జీతం కూడా అడిగాను. ఊళ్ళో ఇన్ని గడపలుండగా మనిషిని జీతానికి పెట్టుకోవడమేమిటని ఎదుటి ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు గారు నవ్వారు. నాకు జీతం లేకుండా ఉండే మనిషి లేదు. ఉంటే ఈ కోర్టు మెట్లు ఎక్కేదాన్ని కాదు.

మా బేచ్ ఆటో పొద్దున మా ఇంటి ముందు నుంచే వెళుతుంది. పూర్వం గుమ్మం దగ్గర ఆగి హారన్ కొట్టేది. నేను జడ వేసుకుంటూ, వస్తున్నా ఉండండర్రా అని లోపల నుంచి కేకేసేదాన్ని. దెబ్బ తగిలిన తరువాత కొన్నాళ్ళు ఆగింది. బేబి దిగి వచ్చి, "ఎలగుందప్పా ఇప్పుడు? ఏటైనా తిన్నావేటి?" అని అడిగేది. తరువాత తరువాత ఆటోలో నుంచే చెయ్యి ఊపేది. ఇప్పుడు ఆగదు. వాళ్ళను తప్పుపట్టను, ఎవరి పొట్ట వాళ్ళది. అయినా ఆ వేళకు నేను జడ వేసుకుని కూర్చుంటాను.

ఇక ఘటం సంగతి. ఇన్సూరెన్స్ వకీలు గారు సెల్‌ఫోనులో వీడియో చూపించారు. అందులో మరిడమ్మ ఘటం ఎత్తుకుని నడుస్తున్నది నేనే. అది 2024 ఏప్రిల్ 30, మంగళవారం, మా ఊరి పండగ సాయంత్రం తీసినది. నేను కాదు అని నేనెప్పుడూ అనలేదు.

మా ఊళ్ళో అమ్మవారి ఘటం మా అత్తగారింటి వాళ్ళే ఎత్తాలి. ఇంటి కోడలు ఎత్తుతుంది. భర్త ఉన్న మనిషి అయి ఉండాలి. గోవింద్ ఎక్కడున్నా బతికి ఉన్నాడు కనుక నాకు ఆ అర్హత ఉంది. అతను నాకు చేసిన ఉపకారం అదొక్కటే. ఘటం అంటే మట్టికుండ. దాని నిండా పసుపునీళ్ళు పోసి, వేపమండలు వేసి, పైన మూకుట్లో దీపం పెడతారు. గుడి దగ్గర ఎత్తితే ఊరంతా తిరిగి మళ్ళీ గుడి దగ్గరే దించాలి. గుమ్మం గుమ్మానికీ ఆగాలి. ఒక ఏడాది ఎత్తలేమంటే ఘటం వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే మళ్ళీ తిరిగి రాదు. మా ఊళ్ళోనే కొండలమ్మ వాళ్ళింట్లో ఒకప్పుడు గంగమ్మ ఘటం ఉండేది, అలాగే పోయింది. ఇప్పుడు పండగకు ఆవిడను ఎవరూ పిలవరు, వెళ్ళి చూసి వస్తుంది.

పండగకు ముందు ఆదివారం కమిటీ పెద్ద రాజుబాబు గారు, ఇంకా కొందరు మా ఇంటికి వచ్చారు. అంతమంది మా గుమ్మంలో నిలబడి ఎన్నాళ్ళయిందో. కూర్చోబెట్టడానికి ఒక్క కుర్చీయే ఉంది. దేవి వాళ్ళింటి నుంచి మరో రెండు తెచ్చాను, మెడబెల్టుతోనే. రాజుబాబు గారు నా మెడ చూశారు. తరువాత, "ఎత్తగలవేటమ్మా? లేదంటే సెప్పు, సూరమ్మ కోడలు ఎత్తుతానంతంది. నీకు బలవంతం లేదు" అన్నారు. నేను, "ఎత్తుతాను బాబూ. నా ఇంటి ఘటం ఇంకొకలు ఎత్తడవేటి?" అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. కుర్చీలు నిండి ఉన్నాయి, మాట వచ్చేసింది.

పండగ రోజు గుడి దగ్గర రాజుబాబు గారు మళ్ళీ పక్కకు పిలిచి, "నీళ్ళు సగానికి తగ్గించేద్దుమా? దీపం ఉంటాది కదా, పైనుంచి ఎవలికి తెలుస్తాది?" అన్నారు. మంచికే అన్నారు. నేను వద్దన్నాను. మెడబెల్టు తీసి దేవి చేతికిచ్చాను. ఘటం ఎత్తేవాళ్ళ మెడకు పసుపు, సూత్రం తప్ప ఏదీ ఉండకూడదు. వీడియోలో బెల్టు లేదు కనుక నాకు మెడనొప్పి లేదు అనడం నిజం కాదు.

నేను నిటారుగా, తల తిప్పకుండా నడిచాననడం నిజం. అంత చక్కగా నడిచిన మనిషికి మెడ బాగోకపోవడమేమిటని వకీలు గారు అడిగారు. బాగున్న మనిషి అలా నడవదు బాబూ. మా అత్తగారు ఎత్తిన ఘటాలు నేను చూశాను. ఆవిడ అటూ ఇటూ చూసి, పిల్లలను కసురుకుంటూ, పూనకం వస్తే ఊగుతూ నడిచేది. నాకు మెడ తిరగదు. అందుకే తిరగలేదు. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు, అనుకోనిమ్మని నేనూ ఊరుకున్నాను. మూడు రోడ్ల దగ్గర టపాకాయల సరం పేలింది. వీడియోలో అందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. నేను తిరగలేదు. జడ్జిగారు వీడియో మళ్ళీ వేయించి ఆ చోటు చూశారు.

వీడియోలో నేను నవ్వుతున్నాననడం నిజం. నొప్పి ఉన్న మనిషి నవ్వుతుందా అని అడిగారు. గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్ళు బిందెలతో వచ్చి నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, వంగి చేతులతో పాదాలు కడిగారు. కొందరు పాదం పట్టుకుని ఆ చెయ్యి కళ్ళకు అద్దుకున్నారు. బేబి కూడా కడిగింది. ఆసుపత్రిలో వాళ్ళు తప్ప నన్ను ఒక మనిషి ముట్టుకుని అప్పటికి ఎన్ని నెలలయిందో నాకే తెలియదు. వాళ్ళు కడిగింది అమ్మవారి కాళ్ళని నాకు తెలుసు. అయినా ఆ చేతులు తగిలింది నాకే. మెడలో నరాలు తెగిపోతున్నట్టుంది, నవ్వు మాత్రం ఆగలేదు. అది అబద్ధపు నవ్వు అనడం నిజం కాదు.

ఘటం గుడి దగ్గర దించాను. వాయిద్యాలు, జనం అంతా అమ్మవారితో లోపలికి వెళ్ళారు. నేను ఇంటికి వచ్చాను. గడప దాటగానే నడుము పట్టేసి నేల మీద పడిపోయాను. ఊరి మైకు వినబడుతూనే ఉంది. చందాలు ఇచ్చినవాళ్ళ పేర్లు చదివారు. ఘటం ఎత్తిన అచ్చియమ్మకు దండాలు అని కూడా చదివారు. దేవీ అని పిలిచాను. ఆ మైకు మోతలో నా పిలుపు ఎవరికి వినబడుతుంది? తెల్లవారాక దేవి బెల్టు ఇవ్వడానికి వచ్చి, "ఒలమ్మో, ఇదేటప్పా! రేత్రంతా ఇలగే పడున్నావేటి? ఒక కేకెయ్యొద్దా?" అని ఏడ్చింది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ చీటీ కోర్టులో ఇచ్చాం.

ఇప్పుడున్న బాధ ఘటం మోయడం వల్ల వచ్చిందే గాని వ్యాను గుద్దడం వల్ల కాదు అనడం నిజం కాదు. ఘటం వల్ల ఎక్కువైంది అనడం నిజం. డాక్టర్లు చెప్పినా వినలేదు అనడం నిజం. డబ్బు కోసం లేని నొప్పి చెబుతున్నాననడం నిజం కాదు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నొప్పి చూపించడానికి పుండులా ఉండదు, అదే నా ఖర్మ.

మా వకీలు సూర్యప్రకాష్ గారు లేచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఆ కుండ ఉత్తిదే కదమ్మా, నీళ్ళు లేవు కదా అని. పొద్దున టీ కొట్టు దగ్గర కూడా ఇదే అడిగారు. అప్పుడు నేను టీ గ్లాసు పెట్టేసి లేచి వచ్చేశాను. ఆయన మంచివారు. ఉత్తి కుండ అయితే కేసు నిలబడుతుందని, ఆపరేషను అవుతుందని, పక్కన మనిషి ఉంటుందని ఆయన ఉద్దేశం. అది నాకు అర్థమైంది. రాజుబాబు గారు సాక్ష్యానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారని దేవి చెప్పింది. ఊరి వాళ్ళు ఇంకెవరు వచ్చారో నాకు తెలియదు, నేను వెనక్కి తిరిగి చూడలేను. ఉత్తి కుండ అని చెబితే, ఆ కాళ్ళు కడిగినవాళ్ళ ముందు ఉత్తి కుండ మోసినదాన్నవుతాను. వచ్చే పండగకు మా గుమ్మంలోకి ఎవరూ రారు. జీతం ఇచ్చిన మనిషి మూడు నెలలుంటుంది, తరువాత వెళ్ళిపోతుంది. ఊరివాళ్ళు అలా కాదు, పిలవకపోయినా ఏడాదికొకసారి వస్తారు. అదీకాక అది ఉత్తి కుండ కాదు. మెడ దాకా నీళ్ళున్నాయి. నడుస్తుంటే చెవుల పక్కన తొణికి భుజాల మీద పడ్డాయి, చల్లగా ఉన్నాయి. నేనే మోశాను.

ఇంతకన్నా చెప్పేది లేదు. రాసినదంతా బెంచి గుమస్తా గారు తెలుగులో చదివి వినిపించారు. కుండలో నీళ్ళు కలవు అని రాశారు. నిండుగా అని చేర్చమన్నాను, చేర్చారు. మిగతాదంతా నా నోటి మాటే, ఒకరు నేర్పింది కాదు, ఒకరికి భయపడి చెప్పింది కాదు. సంతకం కింద పెట్టాలన్నారు. బల్ల మీద కాగితం నాకు కనబడలేదు, తల వంచలేను. గుమస్తా గారు ఒక అట్ట మీద కాగితం పెట్టి నా కళ్ళకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఆయన చేతులు కదలకుండా జడ్జిగారి ఎదుట నిలబడి ఉండగా, అలా నిటారుగానే సంతకం చేశాను.

రుత్తల అచ్చియమ్మ