బ్యాటరీ బాగానే ఉన్నాది

నరసన్నపేటలో రక్తపరీక్షల ల్యాబు. ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో సర్వీసు చూసే ఆయన తన రిపోర్టు కోసం వచ్చాడు. కౌంటరులో ఉన్నావిడ నిన్ననే ఆయన దగ్గర స్కూటరు చూపించుకుంది.

"అక్కా, నా సుగర్ ఎంతున్నాది?"

"బాగానే ఉన్నాది తమ్ముడూ. ఎల్లు."

"బాగానే అంటే ఎంత?"

"అది మా కంప్యూటర్లో ఉన్నాది. బయటోళ్లకి సూపించం."

"బయటోడినేటి? రక్తం నాదే కదక్కా!"

"బండి నాది కాదేటి? లేప్‌టాప్ తగిలించి సూసినావు కదా, బ్యాటరీ ఎంత అరిగిందో సెప్పమంటే నిన్న నువ్వేటన్నావు?"

"కస్టమర్లకి సూపించొద్దని పైవోళ్లు సెప్పినారక్కా. నానేటి సేత్తాను?"

"ఇదివరకు ఒక్క సార్జింగుతో శ్రీముఖలింగం ఎల్లొచ్చేదాన్ని. ఇప్పుడు తిరిగొచ్చేటప్పుడు దార్లో తోసుకుంటన్నాను. నువ్వేమో బాగానే ఉన్నాదంతావు. సర్లే, ఇదిగో నీ రిపోర్టు."

ఆయన కవరు విప్పి చూసుకున్నాడు.

"అక్కా! రెండొందల ఎనభై ఉన్నాది! మరి బాగానే ఉన్నాదన్నావేటి?"

"నువ్వు నాకు అలాగే సెప్పినావు కదా."

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు డాక్టరు దగ్గరికెల్లు. ఆనక లేప్‌టాప్ అట్టుకొని రా. నా బండి బయటే ఉన్నాది."