కుడిపక్క సీటు

అమెరికాలోని మోంటానాలో అక్టోబరు ఉదయం, ఎమెట్ ముసలాయన పశువుల కొట్టం ముందు. అమ్మకానికని ఊరంతా చెప్పుకున్న పాత డీజిలు పికప్ ఒకటి, వెనక రెండేసి చక్రాలది, అక్కడి బళ్లన్నిటిలాగే స్టీరింగు ఎడమపక్కది, ఒళ్లంతా మట్టి కొట్టుకుని నిలబడి ఉంది. దాని బానెట్ మీద రెండు చేతులున్నాయి. ఒకటి వెండెల్‌ది, రెండోది పక్క పొలం ఆవిడ తోరాది. ఇద్దరూ నలభై దాటినవాళ్లే, ఇద్దరిదీ ఒకటే కంచె, ఇద్దరిలో ఒక్కరూ తగ్గే రకం కాదు.

"చెయ్యి తియ్యి వెండెల్."

"ముందు నువ్వు తియ్యి తోరా. ముందొచ్చింది నేను."

"ఎక్కడొచ్చావ్? నువ్వింకా ఆ మలుపు దగ్గర ఉండగానే నేనిక్కడ నిలబడున్నాను."

"నిలబడితే చాలదు, చెయ్యి వెయ్యాలి. ముందు చెయ్యి వేసినవాళ్లదే మొదటి బేరం... ఆగాగు. ఇదేంటి, వేడిగా ఉంది?"

"ఏది?"

"బానెట్! పట్టుకు చూడు."

"ఎండకి."

"ఏం ఎండ తల్లీ! కుక్క నీళ్ల గిన్నెలో మంచుబిళ్ల తేలుతోంది. ఇది ఇంజను వేడి. ముసలాయన పొద్దున్నే లేచి వేడిచేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను ఒక పట్టాన అంటుకోదని తెలిసే చేసుంటాడు. డీజిలు బండి అంటగట్టేవాళ్లందరిదీ ఇదే కిటుకు."

"అయ్యయ్యో. ఎమెట్ తాత అలాంటివాడనుకోలేదే. అయితే నీకొద్దులే. నేను తీసుకుంటా."

"వద్దని నేనెప్పుడన్నాను?"

"ఇంతకీ ఇది అమ్మకానికుందని నీకెవరు చెప్పారు?"

"కఫేలో లావెర్న్. కాఫీ పోస్తూ చెప్పింది."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. సరే విను. నా బండి గేరుబాక్సు పోయింది. సోమవారం గుర్రాలు మైల్స్ సిటీ వేలానికి చేరాలి. గుర్రాలు చేరవేసే పనిలో ఇదే నా మొదటి కిరాయి. ఇది తప్పితే ఇంకెవరూ నన్ను పిలవరు."

"నా బండి పైకి బతికున్నట్టే కనిపిస్తుంది, లోపల చచ్చి నెలైంది. మంచు పడేలోపు గడ్డి మోసుకోవాలి. నువ్వు గుర్రాల సంగతి చెప్తే నేను ఆవుల సంగతి చెప్పనా?"

"చెప్పకు. కింద దూరి చూడు. మగాళ్లు చేసేది అదేగా, ముందు కింద దూరడం."

"దూరుతున్నా. ఊఁ... ఛాసిస్ భేషుగ్గా ఉంది, తుప్పే లేదు... అంటే, ఘోరం తోరా. ఘోరం. వేలు పెడితే రాలిపోతోంది."

"భేషుగ్గా అన్నావు."

"తుప్పు భేషుగ్గా పట్టిందన్నాను. జల్లెడ అనుకో. నీ గుర్రాల్ని దీని వెనక కట్టావంటే బండి ఒక ఊళ్లో, గుర్రాలు ఇంకో ఊళ్లో. తోరా? తోరా, ఆ తలుపు చప్పుడేంటి? నేను కింద ఉన్నాను!"

"తెలుసు. అందుకే ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. లే."

"అన్యాయం! స్టీరింగు ముందు నేను కదా కూర్చోవాల్సింది!"

"తాళం లోపలే ఉంది, ఎక్కాను."

"ఈ చుట్టుపక్కల ఎవరి బండిలో లేదు తాళం? తాళం ఉందని ఎక్కేస్తే నువ్వు చర్చికి పాస్టరుగారి బండిలో పోవచ్చు!"

"అరుస్తావా, ఎక్కుతావా? కుడిపక్క ఖాళీ."

"కుడిపక్కా? నేనా?"

"లేకపోతే వెనక ఎక్కు, గడ్డిమోపులా."

"...జరుగు. జరగక్కర్లేదులే. అబ్బో, ఎంతుందో లోపల. ఇక్కడ కాళ్లెక్కడ పెట్టుకోవాలి?"

"అందరూ ఎక్కడ పెట్టుకుంటారో అక్కడే. ఇదిగో, తిప్పుతున్నా... విన్నావా! విన్నావా ఆ గొంతు!"

"విన్నాను. దగ్గు."

"పాటయ్యా అది!"

"దగ్గుతూ పాడుతోంది. ఆయిలు మూత తీసి బోర్లించి చూశావా? మూత ఎగిరెగిరి పడితే ఇంజను పని అయిపోయినట్టే."

"చూశాను. ఎగరలేదు. పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుంది."

"పెళ్లికూతురు అన్నావు కాబట్టి అడుగుతున్నా..."

"గేటు."

"మాట తప్పించకు తోరా."

"కళ్లు తెరిచి చూడు, ఎదురుగా గేటు. దిగు."

"చూశాను."

"నువ్వు చూస్తే అది తెరుచుకోదు."

"హారన్ ఎందుకు కొడతావ్! పక్కనే ఉన్నానుగా!"

"హారన్ పనిచేస్తోందో లేదో చూశాను. సెకండ్ హాండు బండి, అన్నీ చూసుకోవాలి. దిగు మరి, కుడిపక్క కూర్చున్నవాళ్లే దిగాలి."

"నాకు చెప్తున్నావా? తెలుసు. కుడిపక్క ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి గుర్తు రాలేదు, అంతే."

"ఒంటిగాడివి, నీ గేట్లు నువ్వే తీసుకుంటావుగా?"

"తీసుకుంటాను. కానీ నాకు నేను హారన్ కొట్టుకోను. దిగుతున్నా, దిగుతున్నా. ఈ తలుపు ఊడిపోయేలా ఉంది, రాసుకో, తలుపు బాగాలేదు!"

"కొక్కెం పైకెత్తు! పైకి! ఆఁ, అలా!"

"నాకు నేర్పకు! రా, వచ్చెయ్. ఇంకొంచెం. చాలు, ఆపు. ఆపమన్నానా! తోరా! గేటు వేసి రావద్దా నేను? తోరా!"

"వేసి పరుగెత్తిరా! మూడో గేరు ఎలా పడుతుందో చూస్తున్నా!"

"ఆపవే తల్లీ! ఈ బూట్లతో... ఊరు ఊరంతా చూస్తుంది..."

"ఊళ్లో ఉన్నది రెండు లేళ్లు. ఎక్కు. రొప్పుతున్నావేం?"

"రొప్పట్లేదు. నవ్వుతున్నా. నువ్వు నవ్వుతుంటే నవ్వొస్తోంది. చాలా రోజులకి చూశాను నువ్విలా నవ్వడం."

"కొండెక్కిస్తున్నా, గట్టిగా పట్టుకో. చూడు, చూడు! కాలు ఇలా ఆనిస్తే చాలు, ఎలా లాగుతోందో!"

"నల్లపొగ వస్తుంటుంది."

"అద్దంలో చూడు."

"...రావట్లేదు."

"నీలం పొగ?"

"లేదు."

"పోనీ తెల్లపొగ?"

"ఏ పొగా లేదు, సరేనా! కొండ మీద దుమ్ము ఎక్కువుంది, అది రాసుకో. ఇదిగో తోరా, కొండ అంటే గుర్తొచ్చింది. వేసవి మేతకెళ్లిన పశువులు కొండ దిగి వారం దాటింది."

"దిగాయి. నీ ఆవులు ఈసారి బాగా ఒళ్లు చేశాయి."

"నా ఆవుల సంగతి కాదు. పశువులు దిగాక చెప్తానన్నావు."

"ఏది?"

"ఏదేంటి! మే నెలలో, దూడలకి ముద్రలేసిన రోజున అడిగింది!"

"ఓ, అదా. చేతిలో ఎర్రగా కాలిన ఇనుము పట్టుకున్న ఆడమనిషిని పెళ్లి చేసుకుంటావా అని అడిగిన మహానుభావుడివి నువ్వేనా?"

"నీ చెయ్యి ఖాళీగా ఉన్నదెప్పుడు అడగడానికి? వేసవంతా కాచుకున్నాను తోరా. అవును అంటావో, కాదు అంటావో, ఏదో ఒకటి అను. రాత్రిళ్లు ఆవులకి చెప్పుకుంటున్నాను నా గోడు. అవి కూడా మొహం తిప్పేసుకుంటున్నాయి."

"ఎదురుగా ఎవరిదో బండి. నార్డీన్‌గారిది. వెండెల్? ఏమిటా వంగడం?"

"బూటు తాడు ఊడింది."

"నీ బూట్లకి తాళ్లు లేవు."

"ఉన్నాయేమో అని చూస్తున్నాను! పోయాడా?"

"పోయాడు. నేను పలకరింపుగా స్టీరింగు మీంచి వేలెత్తాను, ఆయనా వేలెత్తాడు. నువ్వు కనపడలేదులే. నీ టోపీ మాత్రం నిటారుగా కనపడింది."

"అయిపోయాను. మధ్యాహ్నానికి కఫేలో అందరూ, వెండెల్ ఆడమనిషి పక్కన కుడిపక్క సీట్లో..."

"అంత పరువు తక్కువా? పద్నాలుగేళ్లు కూర్చున్నాను నేనా సీట్లో."

"నీ సంగతి వేరు..."

"ఎందుకు వేరు?"

"అంటే... మీ ఆయన క్లేటన్ నడిపేవాడు కదా."

"నడిపేవాడు. క్లేటన్ నడపాలి, తోరా దిగాలి. వానలో దిగాలి, మంచులో దిగాలి. మణికట్టు విరిగి కట్టు కట్టించుకుని ఆస్పత్రి నుంచి వస్తూ కూడా దిగాను. ఒంటిచేత్తో ముళ్లతీగ గేటు ఎలా వెయ్యాలో నన్నడుగు, తీగ పళ్లతో పట్టుకోవడంతో సహా చెప్తాను."

"అయ్యో, ఆ చేత్తోనా?"

"నవ్వు, నవ్వొచ్చేదే. అసలు తమాషా వినలేదు నువ్వు. ఆయన నన్నొదిలేసి నెవాడా పోయిన రోజు. పెట్టెలు వెనక పడేసుకున్నాడు, బండెక్కాడు, ఒక్కమాట లేదు. నేను అరుగు మీద నిలబడున్నాను. బండి గేటు దాకా పోయి ఆగింది. మనసు మారిందేమో అనుకున్నాను."

"మారిందా?"

"హారన్ కొట్టాడు."

"...ఎందుకు?"

"గేటు తియ్యమని."

"తోరా. అబద్ధం. నన్ను ఆటపట్టించడానికి చెప్తున్నావు."

"ఒట్టు."

"తీశావా?"

"తీశాను. అలవాటు మరి. ఆయన పోయాక వేశాను కూడా, ఆవులు బయటికి పోతాయని. వేసి, ఆ గుంజ పట్టుకుని ఏడ్చేంతసేపు ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ఇప్పటికీ నవ్వే వస్తుంది. అదేంటి, నవ్వట్లేదేం నువ్వు?"

"నవ్వు రాలేదు నాకు."

"ఏయ్, ఇది నవ్వే కథ వెండెల్. ఆ మొహం తీసెయ్. ఇదిగో ఇంకో గేటు... వెండెల్! బండి ఆగలేదింకా! ఆగనీ!"

"నువ్వు నడుపు!"

"హారన్ కొట్టలేదు నేను!"

"కొట్టక్కర్లేదు! ఇక ఎప్పుడూ కొట్టక్కర్లేదు!"

"అది తీగ గేటు, చూసుకో! గుంజని కావలించుకుని భుజంతో నెట్టు!"

"తెలుసు! వచ్చింది! పద పద పద! ఆఁ, దాటావా? వేస్తున్నా... అమ్మో!"

"ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఏదో చిరిగిన చప్పుడైంది!"

"తీగది."

"తీగ చిరగదు వెండెల్. వెనక్కి తిరుగు."

"తిరగను."

"తిరగమన్నానా! ఓరి దేవుడా... పువ్వుల నిక్కరా?"

"మా అక్క పంపింది క్రిస్మస్‌కి! నవ్వకు! నవ్వితే ఎక్కను! తోరా, తల స్టీరింగుకి కొట్టుకుంటోంది నీకు, హారన్ మోగుతోంది!"

"కావాలని... కావాలని కొట్టట్లేదు... ఎక్కు బాబూ, ఎక్కు, నాకు కడుపు నెప్పొస్తోంది..."

"వెనక్కి తిప్పు. చూసింది చాలు."

"ఎలా ఉంది చెప్పు మరి. నిజం చెప్పాలి."

"నిజమా? ఛాసిస్ ఉక్కు. తుప్పు లేనే లేదు. ఇంజను గడియారంలా ఉంది. తలుపు కూడా ఊడిపోదు. ఇన్నేళ్లలో ఇంత మంచి బండి అమ్మకానికి రావడం నేను చూడలేదు. నువ్వు తీసుకో."

"ఏంటీ?"

"నువ్వు తీసుకో అంటున్నా. సోమవారం గుర్రాలున్నాయి నీకు. నాది ఎలాగోలా చలికాలం లాగించేస్తాను, తోసుకుంటూ అయినా. ఆవులు అర్థం చేసుకుంటాయి."

"మొదటి బేరం నీదన్నావు. చెయ్యి ముందు వేశానన్నావు."

"తీసేశాను చెయ్యి. ఇంకో సంగతి. ఇందాకటి ప్రశ్నకి జవాబు దీనికి బదులుగా చెప్పకు. రెండూ వేరు వేరు. కాదనాలనుంటే కాదనే అను, ట్రక్కు మాత్రం తీసుకో."

"గేటు వెండెల్."

"దిగుతున్నా."

"...వేశావా? ఎక్కు. అదిగో, నార్డీన్‌గారు మళ్లీ ఎదురొస్తున్నారు. వంగు, వంగు!"

"ఎందుకు వంగడం? ఓయ్ నార్డీన్! చూడవయ్యా! కుడిపక్కే కూర్చున్నాను! దర్జాగా ఉంది!"

"చెయ్యంతా ఊపుతావేం, వేలెత్తితే చాలు! పాపం, ఆయన బండి కాలవలోకి పోబోయింది!"

"పోనీ! లావెర్న్‌కి వివరంగా చెప్పుకోనీ! తోరా, నాకు ఎందుకో ఒళ్లంతా తేలిపోతోంది. ట్రక్కు పోయింది, ప్యాంటు పోయింది, జవాబు రాలేదు. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను."

"వచ్చేశాం. అదిగో ఎమెట్ తాత లేచినట్టున్నాడు. తాతా! మేం నిన్ను లేపేశామా?"

"ఆ హారన్‌కి చచ్చినవాడు కూడా లేస్తాడమ్మాయ్. ఏం తోరా, బండి ఏమన్నా పేచీ పెట్టిందా?"

"లేదు తాతా, బంగారం."

"ఎమెట్ పెద్దాయనా, నేను తప్పుకున్నాను. ఆవిడకే ఇచ్చెయ్. కానీ బానెట్ వేడిచేసి పెట్టడం ఏం బాగాలేదు, మొహం మీదే చెప్తున్నా."

"నేనేం వేడిచేశానబ్బాయ్? ఎవరికివ్వాలి? తోరా నిన్ననే కొనుక్కుని ఇంటికి తోలుకుపోయిందిగా! తెల్లారేసరికి మళ్లీ తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. ఏమ్మా, మీ ఇంటి దగ్గర చోటు లేదా? అది సరే, ఇతని ప్యాంటుకేమైంది?"

"...నిన్న? తోరా, నిన్నా?"

"లోపలికి పో తాతా, చలిగా ఉంది."

"బానెట్ వేడి నీదా? కఫేలో లావెర్న్..."

"నేనే చెప్పమన్నాను."

"అంటే ఇంతసేపూ నీ బండిలోనే నన్ను పరుగులు పెట్టించి, దిగమని, ఎక్కమని... నిన్ననే కొన్నదానివి ఇవాళ మళ్లీ దేనికి చూశావు?"

"ట్రక్కుని నిన్న చూసుకున్నాను వెండెల్. మనిషిని ఇవాళ చూశాను. ఎక్కు. పాస్టరుగారింటికి పోయే దారిలో రెండు గేట్లున్నాయి. ఒకటి నువ్వు తియ్యి, ఒకటి నేను తీస్తాను."